హెర్క్యులీసు గోపురము

స్పెయిను దేశపు వాయవ్యమూలను, అట్లాంటికు సముద్రతీరమున, కొరున్యా యను రేవుపట్టణము గలదు. ఆ యూరిలో తప్పక చూడవలసినది హెర్క్యులీసు గోపురము. ఇది క్రీ. శ. 1వ శతాబ్ది చివర గాని 2వ శతాబ్ది మొదట గాని రోమనులు కట్టిన దీపస్తంభము. నేటికిని రాత్రులయందు ఓడలకు త్రోవ చూపుచున్నది!

పూర్వము పైకెక్కుటకై దీని చుట్టును ఒక వాలుబాట యుండెడిది. తరువాతికాలపు జనులు ఆ రాళ్ల నూడదీసి తమ కట్టడములకు గొనిపోయిరి. 1788లో మరమ్మతునకు బూనుకొనిన జియానిని యను నావికాదళపు ఇంజనీరు మిగిలిన ప్రాతగోడలను పడగొట్టలేదు. వాని చుట్టును క్రొత్త రాతితొడుగు గట్టించెను. అంతేకాదు, పోయిన బాట జాడ తెలియునట్లు వెలుపల నేటవాలుగా నొక రాతిపట్టీని నిలిపెను. ఆతని యీ నిజాయితీ నాకు మిక్కిలి నచ్చినది. లోపలి మెట్లెక్కువారికి రోమనుల గోడలు కానవచ్చును. గోపురము మొదటనున్న బండమీద, దానిని గట్టిన శిల్పి లూపస్ పేరు చెక్కబడియున్నది.