నడుము కొలత

నడివయసున పొట్ట పెరిగినవానిని కలిగినవాడని మెచ్చుకొనుట మన పల్లెలలో కలదు. మేమా మెప్పును హర్షింపము. సోమల ప్రాంతమున కపిల తోలిన దినములలో ఉదయము తిన్న సంగటి మధ్యాహ్నమునకే కరగిపోయెడిది. నేడు మోటారు నీరు తోడుచున్నది, ట్రాక్టరు దున్నుచున్నది. ముద్ద మాత్రము తగ్గలేదు. పొట్టలో పేరిన క్రొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనీయదు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు దాని వెంట వచ్చును. దేశమున 10 కోట్లమందికి పైగా మధుమేహమున్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో తెలిపినది.

మగవారి నడుము 90 సెంటీమీటర్లు, అనగా సుమారు 35 అంగుళములు, మించరాదు. దర్జీ టేపు చాలును. పొట్ట లోనికి పీల్చి కొలుచుకొనువారు తమ్ము తామే మోసగించుకొందురు! రాత్రి ముద్దను తగ్గించి, దినమునకు అరగంట వడిగా నడువవలెను. 30 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రములలో రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ఉచితము. రాబోవు పంచాయతీ సమావేశమున సభ్యులే మొదట టేపు చుట్టించుకొనినచో ఊరివారు సంకోచింపరు.