మన ఇండ్లల్ల ‘రౌడీ’

చెల్లె, ఇయ్యాల నీతోని ఒక మాట గురించి ముచ్చట పెట్టాలనున్నది. ఆ మాట ‘రౌడీ’. మన లింగాల దిక్కు అది వినపడని ఇల్లు లేదు. ఏడాది నిండని బుడ్డోడు చెంబు తన్ని నీళ్లు ఒలకబోస్తే ‘ఓరి రౌడీ!’ అని నాయనమ్మ ఎత్తుకొని ముద్దు పెట్టుకుంటది. బడిల పక్కోని పలక పగలగొట్టొచ్చిన పిల్లగానికీ అదే పేరు. బస్టాండు కాడ బండ్లు అడ్డం పెట్టి, వచ్చిపోయే ఆడపిల్లల మీద మాటలు విసిరే పోరగాండ్లకూ అదే పేరు. అప్పు వసూలుకని ఇంటి మీదికొచ్చి బెదిరించెటోనికీ అదే. అత్తగారింట్ల ‘ఇది న్యాయం కాదు’ అని గట్టిగ అన్న కోడలికీ అదే.

ముద్దుకూ, కోపానికీ, భయానికీ, ఎత్తిపొడుపుకూ ఒక్క మాటనే సరిపెట్టుకుంటున్నం. దానివల్ల నష్టపోయేది మన ఆడపిల్లలే అని నాకు గట్టిగ అనిపిస్తది. అందుకే ఈ మాట ఏడికెల్లి వచ్చింది, మన మధ్యల ఎట్ల తిరిగింది అన్నది జెర కూసొని మాట్లాడుకుందాం.

అసలుకు ఇది మన మాట కాదు చెల్లె. 1800ల మొదట్ల అమెరికాల పుట్టింది. ఊర్లు ఇంకా సక్కగ కట్టుకోని సరిహద్దు అడవుల పొంటి మొరటుగ, ఎవ్వరికీ లొంగకుంట తిరిగే మగోళ్లను అక్కడ రౌడీ అన్నరు. ఇంగ్లిషుల ‘రౌ’ అంటే లొల్లి. దాన్నుంచే రౌడీ వచ్చి ఉంటదని నిఘంటువులు చెప్తయి. అక్కడికెల్లి ఇంగ్లండుకు పోయి, ఇంగ్లిషోళ్ల పాలనల మన దేశానికొచ్చింది. ఉత్తరాదిల ‘గూండా’ ఎట్లనో, దక్షిణాదిల తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడెటోళ్లకు రౌడీ అట్ల ఇంటి మాటైంది. 2006ల వచ్చిన మన ‘విక్రమార్కుడు’ సినిమాను 2012ల హిందీల తీసినప్పుడు దానికి ‘రౌడీ రాథోర్’ అని పేరు పెట్టిండ్రు. అంటే మన దిక్కు పెరిగిన మాట హిందీ సినిమా పేరు దాకా పోయింది.

రౌడీ రాకముందు మనకు మాటలు లేకనా? మస్తుగున్నయి. తుంటరి అంటే వానికాడ అల్లరి ఉంటది, కీడు ఉండదు. ఆకతాయి అంటే పనీపాట లేకుంట పక్కోళ్లను సతాయించెటోడు. పోకిరి అన్నమంటే వాని నడతే మంచిది కాదని. ఉర్దూ కలిసిన మన తెలంగాణ మాటల బద్మాష్ ఉన్నది. ‘బద్’ అంటే చెడు, ‘మాష్’ అంటే బతుకుతెరువు. చెడు దారిల బతికెటోడు బద్మాష్. మన అవ్వలు ఒక్కొక్క నడతకు ఒక్కొక్క పేరు పెట్టి పిలిచిండ్రు. తుంటరోణ్ని నవ్వుకుంట తిట్టిండ్రు, పోకిరోణ్ని గడప తొక్కనియ్యలేదు. రౌడీ అన్న మాట పెరిగినకొద్దీ ఆ తేడా చెరిగిపోయింది.

పోలీసు స్టేషన్ల మాత్రం ఈ మాటకు ముద్దు లేదు. ‘రౌడీ షీట్’ అన్న మాట నువ్వు వినే ఉంటవు. ఉమ్మడి రాష్ట్రం నాటి పోలీసు స్టాండింగ్ ఆర్డర్లల్ల 601వది, ఎవరి మీద ఈ షీటు తెరవాల్నో చెప్తది. మాటిమాటికి కొట్లాటలు పెట్టి ఊరి శాంతి చెడగొట్టెటోళ్లు, దుకాణాలోళ్లను బెదిరించి పైసలు గుంజెటోళ్లు, మతం పేరున, కులం పేరున గొడవలు ఎగదోసెటోళ్లు అందుల ఉన్నరు. వాళ్ల వరుసలనే ఇంకొకరున్నరు, ఇది మాత్రం మనసుల పెట్టుకో: అలవాటుగ ఆడోళ్లను, ఆడపిల్లలను సతాయిస్తూ, తప్పుడు మాటలు అనెటోళ్లు. బస్టాండు కాడ పోరగాడు చేసేదాన్ని మనం ‘వయసు అట్లాంటిది’ అని కొట్టేస్తం గద, పోలీసు పుస్తకం మాత్రం దాన్ని బెదిరింపు వసూళ్ల సరసనే కూసోబెట్టింది.

ఒక్కసారి షీటు పడితే పోలీసులు వాని మీద కన్నేసి ఉంచుతరు, స్టేషనుకు పిలిపిస్తరు, ఎన్నికలొస్తే లొల్లి చెయ్యనని పూచీకత్తు రాయించుకొని బైండోవర్ చేస్తరు. ఊర్ల ఏ గొడవైనా మొదట వాని పేరే నలుగుతది. అందుకే ఒక్క కేసు పట్టుకొని ఎవరిమీదబడితే వాళ్లమీద షీటు తెరవొద్దని, అలవాటుగ నేరం చేస్తున్నడని తేలాలని హైకోర్టు ఎన్నోమార్లు చెప్పింది. చూడు, న్యాయస్థానం కూడ ఈ మాటను అంత తూచి వాడుమంటది. ఇగ 1986ల, ముందస్తుగనే జైల్ల పెట్టనిచ్చే పీడీ యాక్టు తెచ్చినప్పుడు చట్టం పేరుల దొంగసారా అమ్మెటోళ్లు, దోపిడీదొంగలు, భూకబ్జాదారుల పక్కన ‘గూండాలు’ అనే మాటను పెట్టిండ్రు. స్టేషన్ల రౌడీ, చట్టంల గూండా, రెండు మాటలకూ అక్కడ బరువున్నది.

మరి ఇంత బరువున్న మాట ముద్దుపేరు ఎట్లైంది? ఇందుల సినిమా చేయి పెద్దది. నీకు తెల్సా, తెలుగు సినిమా పేర్లల్ల రౌడీని నిలబెట్టిన తొలినాటోళ్లల్ల ఒక ఆడమనిషి ఉన్నది. 1970ల కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ‘రౌడీ రాణి’ల విజయలలితే కథకు పెద్దదిక్కు. హీరో వచ్చి కాపాడుతడని ఎదురుచూడకుంట తనే పిడికిలి బిగించి ఫైట్లు చేసింది. ఆమె విజయశాంతికి పిన్ని. ఇరవై ఏండ్లకు, 1990ల, ‘కర్తవ్యం’ల విజయశాంతి పోలీసు ఆఫీసరై మెప్పించి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చుకున్నది. ఈ పిన్నీబిడ్డల ముచ్చట తల్చుకుంటే నాకు గర్వమైతది.

‘రౌడీ రాణి’ తర్వాత మగ రౌడీలు వరుసకట్టిండ్రు. 1989ల ‘స్టేట్ రౌడీ’, 1991ల ‘అసెంబ్లీ రౌడీ’, ‘రౌడీ అల్లుడు’, ‘రౌడీగారి పెళ్ళాం’, 1992ల ‘రౌడీ ఇన్‌స్పెక్టర్’. అల్లుడూ రౌడీనే, ఎమ్మెల్యే రౌడీనే, ఆఖరికి పోలీసాయన కూడ రౌడీనే. ‘అసెంబ్లీ రౌడీ’ పేరు మీదనైతే శాసనసభలనే అభ్యంతరం లేచింది. ఈ కథలల్ల దుర్మార్గుణ్ని కొట్టి బీదోళ్ల దిక్కు నిలబడెటోడు రౌడీ అయిండు. లంచాలు, పెత్తనాలు చూసి విసిగిన జనానికి అసొంటోడు ఒకడుంటే బాగుండని అనిపించింది, ఆ పేరు తీపైంది. అదే 1989ల రాంగోపాల్ వర్మ ‘శివ’ తీసి, కాలేజీల రౌడీయిజం లోపట ఎంత భయముంటదో, దాని వెనుక ఏ నాయకులుంటరో చూపించిండు. కానీ మన పిల్లలు ఆ భయాన్ని యాది పెట్టుకోలేదు. అందుల హీరో సైకిల్ చైను గుంజుడు యాది పెట్టుకున్నరు.

ఇప్పటి ముచ్చటకొస్తే, ఈ మాటకు కొత్త అంగీ తొడిగినాయన మన పక్కోడే. సినిమా హీరో విజయ్ దేవరకొండ వాళ్ల సొంతూరు బల్మూరు మండలం తుమ్మన్‌పేట. అచ్చంపేట బస్సెక్కే మన లింగాలోళ్లకు అది పరాయి ఊరు కాదు. 2017ల ‘అర్జున్ రెడ్డి’ తర్వాత ఆయన తన అభిమానులను ప్రేమతోని ‘రౌడీస్’ అని పిలిచిండు. 2018ల అదే పేరుతోని బట్టల బ్రాండు పెట్టిండు. ఆయన నోట్ల రౌడీ అంటే పదిమంది ఏమనుకుంటరో అని బెదరకుంట, తనకు నచ్చిన తొవ్వల తను నడిచెటోడు. నల్లమల అంచున ఉన్న ఊరి నుంచి వచ్చిన ఇంటి పిల్లగాడు ఆ ధైర్యాన్ని ఒక పేరు చేసి దేశమంత తిప్పిండంటే నాకు సంతోషమే. ఆ పేరున్న అంగీ తొడుక్కొని కాలేజీకి పోయే ఆడపిల్లలు కూడ ఉన్నరు. తొడుక్కోనీ. తన తొవ్వ తను ఎంచుకునే ధైర్యం వాళ్లకే ముందుగాల కావాలె.

అయితే మాటకు అర్థం వచ్చేది దాన్ని మోసే మనుషుల చేతల నుంచి. మన తెలంగాణ చరిత్రల దీనికి సాక్ష్యమున్నది. ‘రజాకార్’ అంటే అసలు అర్థం తనంతట తను సేవకు ముందుకొచ్చినోడు అని. ఎంత మంచి మాట! కానీ 1947, 48 నాటి దౌర్జన్యాలతోని ఆ మాట ఊరూరా భయం పుట్టించే పేరైంది. డెబ్బై ఏండ్లు దాటినా మన పెద్దమనుషుల నోట్ల అది తిట్టే. మంచి మాట చెడు చేతలతోని అట్ల పాడైంది. రౌడీ విషయంల ఉల్టా జరుగుతున్నది. చెడు మాటను మనం ముద్దు చేసినం, ఆ ముద్దు చాటున చెడు చేతలు తప్పించుకుంటున్నయి.

నా బాధంత ఇదే చెల్లె. చైత్ర పున్నమికి మన నల్లమలల సలేశ్వరం జాతర జరుగుతది గద. లోయలకు దిగెటప్పుడు వస్తున్నమని, ఎక్కెటప్పుడు పోతున్నమని లింగమయ్యను పిలుచుకుంట వేలమంది నడుస్తరు. ఆ తొవ్వల లొల్లి లొల్లి ఉంటది, అది భక్తితోని వచ్చే లొల్లి, ఎంత విన్నా ఇంపుగనే ఉంటది. జాతరైనా, బతుకమ్మ ఆట కాడైనా, కాలేజీ బస్సులనైనా సందు జూసుకొని ఆడపిల్ల భుజం తాకేటోడు చేసేది వేరు. ఆ పిల్ల ఇంటికొచ్చి చెప్తే, ‘గా పిల్లగాడు రౌడీ, నువ్వే జెర తప్పుకొని పోవాలె’ అంటం. ఆ ఒక్క మాటతోని వాడు చేసిన తప్పు వాని స్వభావమైపోతది. తప్పుకునే పని పిల్ల మీద పడుతది. ఇంకొన్నొద్దులకు ఆ పిల్ల చదువే ఆగుతది.

అందుకే అడుగుతున్న, వాడు చేసినదాన్ని దాని పేరుతోనే అందాం. వెంట పడి సతాయిస్తే అది వేధింపు. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద వెంటపడుడు నేరం, మొదటిసారికే మూడేండ్ల దాకా జైలు పడొచ్చు. తప్పుడు మాటలు, సైగలకు 79వ సెక్షనున్నది. మన రాష్ట్రంల 2014 అక్టోబర్‌ల హైదరాబాదుల మొదలైన షీ టీమ్స్ ఆ తర్వాత జిల్లాలకూ వచ్చినయి. మఫ్టీల తిరిగి అసొంటోళ్లను పట్టుకుంటరు. ఆపదల 112, ఆడోళ్ల సాయానికి 181 నంబర్లున్నయి. పిల్ల ఫోన్ల ఈ రెండూ ఉన్నయో లేవో ఈ పొద్దే చూడు. చెప్పుకోనీకి వచ్చిన పిల్లను ‘నువ్వేం చేసినవ్?’ అని ముందుగాల అడగకు. ‘మంచిపని చేసినవ్ చెప్పి’ అను.

కొడుకులకు చెప్పేది కూడ ఉన్నది. బుడ్డోణ్ని రౌడీ అని ముద్దు చేస్తే నాకేం అభ్యంతరం లేదు, ఆ ముద్దు అక్కడితోని ఆగాలె. బడిల పిల్లను ఏడిపించి వచ్చిననాడు వానికి ఆ ముద్దుపేరు ఇయ్యకు. ‘నువ్వు చేసింది తప్పు, పోయి ఆ పిల్లకు మాఫీ అడుగు’ అని కూసోబెట్టి చెప్పు. పదేండ్లప్పుడు మనం చెప్పకపోతే ఇరవై ఏండ్లప్పుడు స్టేషన్ల చెప్తరు.

ఇగ నోరు తెరిచి అడిగే మన బిడ్డలు, కోడండ్లు. కూలి తక్కువిచ్చిన ఆసామిని నిలదీసినందుకు, బస్సుల చెయ్యి వేసినోణ్ని నలుగురిల పట్టిచ్చినందుకు, ‘నేను ఇంకా చదువుకుంట’ అని పెండ్లిచూపులు వద్దన్నందుకు వాళ్లను రౌడీ, మగరాయుడు, గయ్యాళి అంటున్నం. వాళ్లు రౌడీలు కాదు చెల్లె, ధైర్యవంతులు. ఆ మాటతోనే పిలువు, వాళ్లు వినేటట్టు, ఇంటిల్లిపాది ముందర పిలువు. బస్టాండు కాడ బెదరకుంట నిలబడే హక్కు ప్రతి ఆడపిల్లకు ఉన్నది. చట్టం ఆ పిల్ల దిక్కే ఉన్నది. ఇంట్ల మన నోరు కూడ ఆ పిల్ల దిక్కే ఉండాలె.