ముందు కృప, తర్వాతే నడత

మిషన్ ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. గుంటూరు జిల్లాలోని మా లూథరన్ సంఘానికి ఇప్పుడు పెద్దను. మన విశ్వాసానికి ఆయువుపట్టు ఏమిటని అడిగితే క్రైస్తవుల ఇళ్లలో పుట్టిన పిల్లలు కూడా తడబడుతున్నారు. ఒకరు పది ఆజ్ఞలంటారు, ఒకరు ఉపవాస ప్రార్థనలంటారు, ఇంకొకరు బొట్టు పెట్టుకోకపోవడం అంటారు. వాళ్ల కోసమే ఇవి రాస్తున్నాను.

1. పిలాతు పేరు ఊరికే లేదు

ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చెబుతాం. అందులో యేసు కాక ఇద్దరు మనుషుల పేర్లే వస్తాయి. ఒకరు కన్య మరియ, ఇంకొకరు పొంతి పిలాతు. తల్లి పేరు ఉండటం న్యాయమే. మరణశిక్ష వేసిన అధికారి పేరు మనం ఆరాధనలో ఎందుకు పలకాలి? మనం నమ్మేది ఒక ఊళ్లో, ఒక అధికారి ఏలుబడిలో నిజంగా జరిగింది కాబట్టి. పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 దాకా యూదయ మీద రోమా అధిపతి. 1961లో సముద్రపు ఒడ్డున ఉన్న కైసరయలో జరిగిన తవ్వకాల్లో అతని పేరు చెక్కిన రాయి దొరికింది.

యేసును సిలువ వేశాక పాతికేళ్లయినా తిరక్కుండానే పౌలు కొరింథు సంఘానికి మొదటి ఉత్తరం రాశాడు. 15వ అధ్యాయం తీయండి. తాను కల్పించింది ఏమీ లేదని, తనకు అందిందే అందిస్తున్నానని ముందే చెబుతాడు. క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, ఆయన్ని పాతిపెట్టారు, మూడో రోజున లేచాడు. లేచినవాణ్ణి చూసిన ఐదువందల మంది పైచిలుకులో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాశాడు. అంటే కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టే. ఇది జరగకపోతే మన నమ్మకమే వట్టిదైపోతుందని కూడా అక్కడే ఒప్పుకున్నాడు. అంత నిక్కచ్చిగా మాట్లాడిన మనిషిని నేను గౌరవిస్తాను.

ఆజ్ఞలు, ప్రార్థనలు, పండుగలు అన్నీ ఈ ఒక్క మనిషి చావు, బతుకు మీద ఆధారపడి నిలబడ్డవే.

2. లెక్క అడగని తండ్రి

చివరి రోజులకు వచ్చినవాళ్లు లెక్కలు తీస్తారు. వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు, బతుకంతా సంఘం పనిలో అరగదీసిన మనిషి. నైట్ డ్యూటీలో నన్ను పిలిచి, "నేను చేసింది చాలుతుందామ్మా?" అని అడిగేవారు. అదే వార్డులో, తాగి తాగి లివర్ పాడుచేసుకున్న కుర్రవాడు ఒకడు. "నాకింక దారి లేదు సిస్టర్" అనేవాడు. ఒకరు నీతిమంతుడు, ఒకడు ఊరంతా విసుక్కున్నవాడు. అయినా ఇద్దరి భయం ఒకటే. దేవుడు కూలీల మస్టరు పట్టుకుని కూర్చున్న మేస్త్రీ లాంటివాడని ఇద్దరూ నమ్మారు.

లూకా 15లో తప్పిపోయిన కొడుకు కథ ఇద్దరికీ చదివి వినిపించేదాన్ని. ఆ కథలో కొడుకు ఇంటికి బయల్దేరే ముందే ఏం చెప్పాలో సిద్ధం చేసుకుంటాడు, చివర్లో నన్ను కూలివాడిగా పెట్టుకో అని అడుగుదామనుకుంటాడు. తండ్రి వాణ్ణి దూరాన చూసి ఎదురు పరిగెత్తాడు. కొడుకు మొదలుపెట్టాడు గాని, కూలి మాట దాకా రానేలేదు, తండ్రి అప్పటికే బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మని పనివాళ్లకు పురమాయిస్తున్నాడు. ఆ పరుగే సువార్త. కుర్రవాడు ఆ కథ మళ్లీ చదవమని అడిగేవాడు. పెద్దాయన మాత్రం పొలం నుంచి వచ్చి గుమ్మం బయట కోపంగా నిలబడ్డ పెద్దకొడుకు గురించి అడిగారు, వాడు లోపలికి వెళ్లాడా అని. లూకా ఆ సంగతి చెప్పలేదు. బయట ఉన్నవాడి దగ్గరకు కూడా తండ్రే నడిచి వెళ్లాడని మాత్రం రాశాడు. అది విన్నాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మార్టిన్ లూథర్ ఉపవాసాలు చేసి, పాపాలు ఒప్పుకుని ఒప్పుకుని అలిసిపోయి, చివరకు రోమా పత్రికలో కనుక్కున్నది కూడా ఇదే. దేవుని అంగీకారం మన పని చూసి ఇచ్చేది కాదు, నమ్మి చేయి చాచి తీసుకునేది. 1517లో మొదలైన సంఘ సంస్కరణ కలకలం వెనుక ఉన్నది ఈ ఊరట. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు తెచ్చిందీ ఇదే.

అయినా మా సాక్ష్యాల కూడికల్లో వరస తరచుగా తిరగబడుతుంది. "నేను కల్లు మానేశాను, అందుకని దేవుడు నన్ను అంగీకరించాడు" అంటారు. ఆయన అంగీకరించాడు కాబట్టి మానగలిగాను అనాలి. ఇదేదో మాటల తేడా అనుకోకండి. ఆ మనిషి మళ్లీ తాగిన రోజున తెలుస్తుంది తేడా. నడత చూపించి కృప సంపాదించానని నమ్మినవాడు సిగ్గుపడి మందిరానికి రావడం మానేస్తాడు. కృపే ముందు వచ్చిందని తెలిసినవాడు తల వంచుకునైనా తిరిగి వస్తాడు. రెండు రకాలవాళ్లనూ చూశాను.

3. బాధపడేవాళ్లకు కారణాలు చెప్పకండి

బిడ్డ పోయిన తల్లి దగ్గర కూర్చుని, "దేవుని చిత్తమమ్మా" అన్నవాళ్లను విన్నాను. "ఏదో పాపం ఉండి ఉంటుంది" అన్నవాళ్లనూ విన్నాను. ఈ రెండో మాట అన్నవాళ్లను వార్డు బయటకు పంపించేశాను, అందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. యోబు స్నేహితులు వచ్చి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పిన దగ్గర్నుంచి చెడగొట్టారు, పుస్తకం చివర్లో దేవుడు వాళ్లనే తప్పుపట్టాడు.

మన విశ్వాసం బాధకు వివరణ ఇవ్వదు. సిలువ మీద యేసు పెట్టిన కేక చూడండి. నన్నెందుకు విడిచిపెట్టావని తండ్రినే అడిగాడు, మార్కు ఆ మాటల్ని ఆయన పలికిన అరామిక్ భాషలోనే రాసిపెట్టాడు. ఆ తల్లి అడుగుతున్నదీ ఆ ప్రశ్నే. దేవుని కుమారుడే అడిగిన ప్రశ్నను ఆమె అడిగితే అవిశ్వాసం ఎలా అవుతుంది? నేనైతే పక్కన కూర్చుని చేయి పట్టుకునేదాన్ని. ఆమె అడిగితే ప్రార్థన చేసేదాన్ని. మంచినీళ్లు తెచ్చిచ్చేదాన్ని.

4. క్షమాపణ న్యాయాన్ని రద్దు చేయదు

1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని వాళ్లు నిద్రపోతున్న బండిలోనే తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని లోకమంతటి ఎదుటా చెప్పింది. చెప్పి వెళ్లిపోలేదు. కూతురితో బరిపదలోనే ఉండి కుష్ఠు రోగుల ఆశ్రమాన్ని 2004 దాకా నడిపింది. మరుసటి ఏడు ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. సిలువ మీదనుంచి తనను చంపుతున్నవాళ్ల కోసం ప్రార్థించినవాణ్ణి నమ్మడమంటే ఏమిటో మా తరం కళ్లారా చూసింది ఆమెలోనే.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆమె క్షమించినా కోర్టు కేసు ఆగలేదు, ఆగకూడదు కూడా. ప్రధాన ముద్దాయికి 2003లో మరణశిక్ష పడింది, 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. క్షమించడమంటే పగ నీ గుండెలో పెట్టుకోకపోవడం. నేరాన్ని దాచడం, మళ్లీ దెబ్బలు తినడానికి వెళ్లడం అందులో లేవు. తాగొచ్చి చావబాదే మొగుడి దగ్గరకు, "క్షమించు తల్లీ, సర్దుకుపో" అని ఆడపిల్లను తిరిగి పంపే సంఘపెద్దలు ఉన్నారు. అలా తిరిగి వెళ్లినవాళ్లకు కట్టు కట్టింది మాలాంటి నర్సులు. ఆ సలహాకు సువార్త పేరు పెట్టవద్దని ఆ పెద్దలను వేడుకుంటున్నాను.

5. ఒకే రొట్టె, ఒకే గిన్నె

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది దీని గురించే. కృప అందరికీ ఉచితమైతే, దాన్ని అందుకునే ప్రభువు బల్ల దగ్గర ఎక్కువ తక్కువలు ఉండటానికి వీల్లేదు. ఇది కొత్తగా వచ్చిన వాదన అనుకోకండి. అంతియొకయలో పేతురు అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులతో కలిసి తింటూ ఉండి, యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గి విడిగా కూర్చున్నాడు. పౌలు అందరి ఎదుటే పేతురును నిలదీశాడు, గలతీయులకు రాసిన ఉత్తరంలో అదంతా ఉంది. పౌలుకు అది మర్యాద తప్పిన భోజనం మాత్రమే కాదు, సువార్తనే వదిలేసిన నడత. ఎవరితో కలిసి తింటావన్న దాన్లోనే నీ విశ్వాసం తేలిపోతుందని ఆయన లెక్క.

ఒంగోలు చరిత్ర మన తెలుగు క్రైస్తవులందరూ తెలుసుకోవాలి. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడే బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు చేరాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాల వాళ్లు చెప్పారు. ఆయన, భార్య హారియెట్ విడివిడిగా ప్రార్థించుకుని, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో లోకం లెక్కచేయని వాళ్లనే దేవుడు ఎన్నుకుంటాడన్న భాగం దగ్గరే ఇద్దరూ ఆగారని చెప్పుకుంటారు. తలుపు తెరిచారు. పదేళ్ల తర్వాత పెద్ద కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. మన తాతముత్తాతల్లో ఎందరికో మనిషిగా తలెత్తుకున్న మొదటి రోజు అలాంటిదే.

అలాంటి చరిత్ర ఉన్నా ఈరోజు మాలలకొక మందిరం, మాదిగలకొక మందిరం ఉన్న ఊళ్లున్నాయి. పైకులాల నుంచి వచ్చినవాళ్లు మరో వీధిలో ఇంకొకటి పెట్టుకుంటారు. పెళ్లి సంబంధాల దగ్గర బాప్తిస్మం ఎవరికీ గుర్తురాదు. శ్మశానాలు కూడా వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది, అది అన్యాయమని నేను నమ్ముతాను, దానిమీద పోరాడేవాళ్లకు నా మద్దతుంది. అయితే మందిరం లోపలి కులాన్ని తీసేయడానికి ఏ కోర్టు తీర్పూ అక్కర్లేదు. అల్తారు ముందు పక్కన మోకరించిన వాడి ఇంట్లో భోంచేస్తే చాలు, అక్కడ మొదలవుతుంది.

కరోనా తర్వాత ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెకు బదులు చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి. నర్సుగా దానికి నేను అడ్డుచెప్పను. దానికి కారణం శుభ్రత అయితే సరే. కులమైతే ఆ బల్ల దగ్గరకు రావద్దు.

6. మాత్రలు మానవద్దు

స్వస్థత కూడికకు వెళ్లొచ్చి టీబీ మందులు, ఇన్సులిన్ ఆపేసిన వాళ్లను చూశాను. కొందరు తిరిగి రాలేదు. కానుక వేస్తే రోగం పోతుందని చెప్పే బోధ సువార్తకు తలకిందులు, ఎందుకంటే అది కృపకు వెల కట్టింది. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్లకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూసింది. 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల ఆస్పత్రి తెరిచింది. వాళ్లు ప్రార్థన చేశారు, మందూ ఇచ్చారు.

7. గాయాలు మిగిలే ఉన్నాయి

ఈస్టర్ తెల్లవారుజామున మా వైపు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. పోయినవాళ్లను తలచుకోవడంతో ఆపకండి. మన పండుగ ఖాళీ అయిన ఒక సమాధి గురించి. ఆ వార్త మొదట తెచ్చింది ఆడవాళ్లు, మగ్దలేనే మరియ వాళ్లలో ముందుంది. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి పెద్ద విలువ లేదు, శిష్యులు కూడా మొదట నమ్మలేదు. కథ అల్లేవాళ్లయితే సాక్షులుగా మగవాళ్లనే పెట్టుకునేవారు.

నన్ను ఎక్కువ కదిలించేది ఇంకొకటి. లేచిన యేసు తన చేతుల్లో మేకుల గుర్తులు, పక్కలో బల్లెపు గాయం తోమాకు చూపించాడు. మరణాన్ని గెలిచిన శరీరం మీద కూడా మచ్చలు మిగిలే ఉన్నాయి. ఆపరేషన్ మచ్చలు, కాలిన మచ్చలు చూసి సిగ్గుపడే ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పేదాన్ని.

8. మార్కు సువార్త ఒకే బిగిన చదవండి

మొత్తం పదహారు అధ్యాయాలే. గొంతెత్తి చదివినా సుమారు రెండు గంటల్లో అయిపోతుంది. ఆదివారానికి పది వచనాల చొప్పున వింటే మొత్తం ఎప్పటికీ పట్టుబడదు. చివరి ఆరు అధ్యాయాలు యెరూషలేములోని ఆ కొద్ది రోజులకే పోయాయి, ఎందుకో చూడండి. శిష్యులు ఎన్నిచోట్ల అర్థంకాక వెనకబడ్డారో గీత పెట్టుకోండి. ఆ పుస్తకంలో యేసు దేవుని కుమారుడని మనుషుల్లో మొదట గుర్తించి చెప్పింది పేతురు కాదు, యోహాను కాదు, ఆయన్ని చంపే పనికి కాపలా ఉన్న రోమా శతాధిపతి, అదీ ఆయన ప్రాణం విడిచాక. అతనికే ఎందుకు తెలిసింది? మీకు తోచిన జవాబు కాగితం మీద రాసుకుని శుక్రవారం సాయంత్రం కూడికకు రండి, మాట్లాడుకుందాం.