పట్టాలకు ఇరువైపులా భిలాయి

ప్రాచీన నగరాలను కాలినడకన చూడదలచిన వారికి దారి వెదుక్కోవలసిన పని ఉండదు. హైదరాబాదులో చార్మినార్ వద్ద, వరంగల్లులో కోట వద్ద నడక మొదలుపెడితే పాత వీధులే ముందుకు నడిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరంలో అటువంటి కోట గాని, రాజవీధి గాని లేదు. నగరానికి నడిబొడ్డు ఏదని అడిగితే కొందరు సివిక్ సెంటర్ అంటారు. మరికొందరు పవర్‌హౌస్ అంటారు. రెండూ నిజమే. ఒకే నగరానికి రెండు నడిబొడ్డులు ఏర్పడిన కారణం తెలుసుకుంటే భిలాయి చాలవరకు బోధపడుతుంది.

ప్రణాళికలో పుట్టిన నగరం

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఈ నగరానికి పునాది. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తయారుచేయగల కర్మాగారాన్ని దుర్గ్ జిల్లాలో, హౌరా-ముంబయి రైలుమార్గం పక్కన నిర్మించ తలపెట్టారు. ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచి వస్తుంది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు.

ఉద్యోగుల కోసం రైలుమార్గానికి దక్షిణాన సెక్టార్లు వెలిశాయి. వాటికి పేర్లకు బదులు అంకెలు పెట్టారు. పాఠశాల, చిన్న బజారు వంటి నిత్యావసరాలు ఎక్కడికక్కడే అందాలన్నది ప్రణాళిక ఉద్దేశం. విశాఖలోని ఉక్కునగరాన్ని చూసిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. క్వార్టరు కేటాయింపులో ఉద్యోగపు హోదాను చూశారే గాని భాషను, ప్రాంతాన్ని చూడలేదు. అందువల్ల అధికారికీ కార్మికుడికీ ఇంటి కొలతలో తేడా ఉన్నా, తెలుగు కుటుంబానికి ఒక పక్క ఒడియా కుటుంబం, మరొక పక్క పంజాబీ కుటుంబం పొరుగు కాగలిగాయి.

సెక్టార్ల నడుమ

ఈ ఫలితాన్ని చూడాలంటే సివిక్ సెంటర్ నుంచి నడవడం మంచిది. ఇది ప్రణాళిక ప్రసాదించిన నడిబొడ్డు. వెడల్పయిన రోడ్లు, చెట్ల నీడ, దుకాణాల వరుసలు, నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ ఇక్కడి విశేషాలు. ఇక్కడి నుంచి సెక్టార్లలోకి వెళితే ఆరవ సెక్టారులో జామా మసీదు, గురుద్వారా, కాళీబాడీ ఉన్నాయి. ఐదవ సెక్టారులో తెలుగువారు కొలుచుకునే బాలాజీ మందిరం, నాలుగవ దానిలో ఒడియావారి జగన్నాథ మందిరం, రెండవ దానిలో మలయాళీల అయ్యప్ప ఆలయం కనబడతాయి. ఉపాధి కోసం వచ్చిన వారు తమ దైవాలను వెంట తెచ్చుకున్నారు. సెక్టార్లకు అంకెలే పేర్లయినా, ప్రజలు వాటిని తమ గుడులతో, పండుగలతో గుర్తుపెట్టుకున్నారు.

పట్టాలకు ఆవల

రైలుమార్గం దాటి ఉత్తరానికి వెళితే దృశ్యం మారుతుంది. పవర్‌హౌస్, సుపేలా బజార్లలో వీధులు ఇరుకు, బేరాలు జోరు. పక్కనే ఉన్న క్యాంపు ప్రాంతం పేరులో నిర్మాణకాలపు కార్మికుల శిబిరాల జ్ఞాపకం ఉన్నది. కర్మాగారపు ఉద్యోగుల పట్టికకు ఎక్కని వారు, కాంట్రాక్టు కూలీలు, ప్రైవేటు పరిశ్రమల కార్మికులు, చిరువ్యాపారులు ఎక్కువగా ఇటువైపే స్థిరపడ్డారు. వారికి క్వార్టరు లేదు. ఈ రెండవ నడిబొడ్డును ఎవరూ కాగితంపై గీయలేదు. అవసరమే దానిని నిర్మించింది.

దేశంలోని దూరప్రాంతాలను కలిపే రైలు పట్టాలు దశాబ్దాలుగా భిలాయిలో తయారవుతున్నాయి. అదే నగరాన్ని రైలుమార్గం రెండుగా విడదీయడం గమనించదగిన విషయం. కాంట్రాక్టు కార్మికులను సంఘటితపరచిన శంకర్ గుహా నియోగీ 1991 సెప్టెంబరు 28న హత్యకు గురయ్యారు. పనిలోంచి తొలగించిన వారిని తిరిగి తీసుకోవాలని, బతకడానికి సరిపడే వేతనం ఇవ్వాలని కోరుతూ కార్మికులు 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషను వద్ద పట్టాలపై బైఠాయించారు. పోలీసు కాల్పులలో పదిహేనుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ స్టేషను మీదుగా నడిచే వారు ఈ సంగతి తెలుసుకొని నడవాలి. అనేక భాషలవారు ఇరుగుపొరుగున నివసించడం సమైక్యతలో ఒక భాగం. కష్టానికి తగిన ప్రతిఫలం అందరికీ దక్కడం మరొక భాగం.

తెలుగు మాట

పట్టాలకు ఇరువైపులా తెలుగు వినిపిస్తుంది. ఖుర్సీపార్ వంటి పేటలలో ఉత్తరాంధ్ర యాస సుపరిచితం. పిల్లల చదువు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. ఇంట తెలుగు, బజారులో హిందీ, చుట్టుపక్కల పల్లెల వారితో ఛత్తీస్‌గఢీ మాట్లాడగలగడం గొప్ప సంపద. అయితే తెలుగు చదవడం, రాయడం రాని తరానికి ఆ భాష మాటగానే మిగులుతుంది. ఉత్తరంగా, పుస్తకంగా అందదు. అక్షరాలు నేర్పే బాధ్యత తల్లిదండ్రులూ సాంస్కృతిక సంఘాలూ తీసుకోవలసి ఉన్నది.

అదే విధంగా, వచ్చి స్థిరపడినవారు ఆ నేల సంస్కృతినీ తెలుసుకోవాలి. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న పండవానీ గాయని తీజన్ బాయి సమీపంలోని గనియారీ గ్రామానికి చెందినవారు. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేశారు. చేత తంబూర పట్టి భారతకథ చెప్పే ఆమె కళ, బుర్రకథ ఎరిగిన తెలుగువారికి పరాయిదిగా తోచదు.

భిలాయి చూడవచ్చిన వారు సివిక్ సెంటర్‌తో సరిపుచ్చుకొని మరలిపోకూడదు. పట్టాలు దాటి పవర్‌హౌస్ బజారు దాకా నడిచినప్పుడే ఈ నగరాన్ని నిర్మించిన చేతులన్నీ లెక్కకు వస్తాయి.