ఎక్కేముందే అడుగు, అల్లుడూ

జడ్చర్ల



విశాఖలో దోస్తులతో కలిసి వేట బోటులో సముద్రం లోపలికి పోతున్నావని తెలిసి, పాలమూరోళ్లకు సముద్రమెందుకని ఇంట్లో అందరూ గొణిగారు. మీ మామ మాత్రం వద్దనడు. అయితే నీళ్ల సంగతి మనకు తెలియదనుకోవడమే తప్పు. 2007 జనవరిలో సింగోటం జాతరకని నెహ్రూనగర్ వైపు నుంచి జనం బోటెక్కి కృష్ణ దాటుతుంటే, కొల్లాపూర్ దగ్గరి మంచాలకట్ట వద్ద అది మునిగింది. అరవై మంది దాకా పోయారు. అది సముద్రం కాదు, శ్రీశైలం వెనుక జలాలు!

పదేళ్లకు మళ్లీ అదే కృష్ణ. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కార్తీక మాసపు యాత్రికుల బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని బోటు, పట్టేదానికన్నా ఎక్కువ జనం. 2019 సెప్టెంబర్ 15న గోదావరి ఐదు లక్షల క్యూసెక్కులతో పోటెత్తి ఉన్నా, పర్యాటకులతో బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఒడ్డున ఒక్కరు గట్టిగా ఆపి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

కాబట్టి ఎక్కేముందే సరంగును అడుగు. మొహమాటం వద్దు.

మనిషికొక లైఫ్ జాకెట్ ఉందా? ఉంటే సరిపోదు, తొడుక్కుని పట్టీలు బిగించు, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని దోస్తుకు చెప్పు. చెవుల దాకా లేచిందంటే నీళ్లలో అది నీ తల మీంచి జారిపోతుంది. ఈల కట్టి ఉందో లేదో చూడు. ఉక్కపోస్తుందని విప్పి మూలన పడేయడం మాత్రం శుద్ధ తెలివితక్కువ పని.

ఒడ్డు దూరమయ్యాక సెల్లు పనిచేయదు. అందుకే బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉండాలి, ఆపదలో పిలవాల్సింది 16వ ఛానెల్‌లో. ఇస్రో రూపొందించిన డాట్ అనే పరికరం కూడా ఉంటే మరీ మంచిది. మీట నొక్కితే బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా చెన్నైలోని కోస్ట్ గార్డ్ కేంద్రానికి తెలుస్తుంది. కొత్త రకమైతే, కబురు అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది. ఎక్కడ నొక్కాలో సరంగుకే కాదు, నీకూ తెలియాలి.

వాతావరణం మాటకొస్తే, సముద్రమే లేని తెలంగాణలో, మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. అలల ఎత్తు, గాలి వేగం, ఉప్పెన ముప్పు చెప్పేది వాళ్లే. ముందురోజు రాత్రీ, బయలుదేరే పొద్దునా రెండుసార్లూ చూడు. హెచ్చరిక ఉంటే టికెట్ డబ్బులు పోనీ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం, అప్పుడు తీసుకుపోతానన్నవాణ్ని నమ్మకు.

ఒకవేళ బోటు తిరగబడితే ఒడ్డు కనబడుతోంది కదా అని ఈదకు. కనబడే ఒడ్డు చాలా దూరముంటుంది. బోటునే పట్టుకుని ఉండు. ఒంటరి తలకాయ కంటే బోటు తొందరగా కంటబడుతుంది.

బయలుదేరే ముందు బోటు నంబరు, సరంగు ఫోన్ నంబరు, తిరిగొచ్చే టైము వాట్సాప్‌లో పంపు. ఆ టైము దాటితే మీ మామ ఆగడు, కోస్ట్ గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేస్తాడు.