కొవ్వు గడ్డ నొప్పి పెడుతోందా?

ముంజేతి మీదో నడుము పక్కనో మెత్తటి గడ్డ తగిలితే "కొవ్వు గడ్డే, ఏం కాదులే" అనేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ మామూలు కొవ్వు గడ్డ, అంటే లైపోమా, సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి ఉంటే కారణం వెతకాల్సిందే.

ముందు గడ్డను వేలితో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా ఉండి చర్మం కింద అటూ ఇటూ జారితే అది కొవ్వు గడ్డ లక్షణం. గట్టిగా, కదలకుండా ఉన్నా, 5 సెంటీమీటర్లు దాటినా, త్వరగా పెరుగుతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. అరుదుగానైనా అది క్యాన్సర్ కావచ్చు. పక్కన స్కేలు పెట్టి ఫోన్లో ఫొటో తీసుకోండి. ఎప్పటి నుంచి ఉంది, నొక్కితేనే నొప్పా, ఊరికే కూడానా, తిమ్మిరి ఉందా అన్నవి రాసుకోండి.

జిల్లేడు పాలు, సున్నం-బెల్లం పట్టీ వేయకండి. గడ్డ కరగదు, చర్మం కాలుతుంది.

తర్వాత జనరల్ సర్జన్‌ను కలవండి. మొదట అల్ట్రాసౌండ్ చేయిస్తారు. గడ్డ లోతుగా ఉంటే ఎమ్మారై, అనుమానం ఉంటే ముక్క పరీక్ష (బయాప్సీ) అవసరమవుతాయి. గడ్డలో రక్తనాళాలు కలిసి ఉంటే దాన్ని యాంజియోలైపోమా అంటారు. ఇది ఎక్కువగా యువతలో, ముంజేతి మీద వస్తుంది, నొక్కితే నొప్పి పెడుతుంది. ఆ చోట మాత్రమే మత్తిచ్చి గడ్డను తీసేస్తే సాధారణంగా బాధ పోతుంది. తీసిన గడ్డను తప్పకుండా బయాప్సీకి పంపమనండి.

ఒళ్లంతా కొవ్వు పేరుకున్న చోటల్లా 3 నెలలకు మించి నొప్పి ఉంటే డెర్కమ్ వ్యాధేమో అని అడగండి. ఫిలడెల్ఫియా నరాల వైద్యుడు ఫ్రాన్సిస్ డెర్కమ్ 1888లో దీన్ని వివరించాడు. ఇది అరుదైన జబ్బు, మధ్యవయసు ఆడవాళ్లలో ఎక్కువ. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష అంటూ లేదు. ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా లాంటివి కావని తేల్చుకున్నాకే నిర్ధారిస్తారు. ఈలోగా "బరువు తగ్గమ్మా, అదే పోతుంది" అన్న మాట ఎన్నోసార్లు వినాల్సి వస్తుంది. అది అన్యాయం. బరువు తగ్గితే కీళ్లకు మంచిదే, ఈ నొప్పి మాత్రం పోకపోవచ్చు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. లిడోకెయిన్, ప్రీగాబలిన్ లాంటి మందులు కొందరికి ఉపశమనమిస్తాయి, మరికొందరికి కొవ్వును పీల్చి తీసే లైపోసక్షన్ పనిచేస్తుంది. వీటిలో ఏదైనా డాక్టరు సలహాతోనే.

మీ నొప్పిని ఒక డాక్టరు కొట్టిపారేస్తే అక్కడితో ఆగకండి. ఆ ఫొటోలు, కాగితాలు తీసుకుని మరో డాక్టరు దగ్గరికి వెళ్లండి.