ఒకే కలంపేరు – ఇద్దరు రచయితలు

ప్రవేశిక

కథ పేరు కింద రచయిత పేరు ఉంటుంది. ఆ పేరు ఒక్కరిదే అని మనం అనుకుంటాం. కాని కొన్ని పేర్ల వెనుక ఇద్దరు ఉంటారు. భార్యాభర్తలు కలిసి ఒకే పేరుతో కథలు రాయడం తెలుగులోనూ ఉంది, ఇతర దేశాలలోనూ ఉంది. ఇలా రాసినవారిలో చాలామంది అపరాధ పరిశోధన కథలను ఎంచుకున్నారు. ఆ కథలు ఇద్దరు కలిసి రాయడానికి ఎందుకు అనువైనవి? వాటివల్ల చదివేవారికి కలిగే మేలు ఏమిటి? ఈ పాఠం చదివి తెలుసుకోండి.

పాఠం

‘చందమామ’ పిల్లల మాసపత్రిక 1947 జులైలో మద్రాసు నుండి వెలువడింది. తెలుగువారు ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ పత్రికను ఇంటిల్లిపాదీ చదివేవారు. అందులో ‘వసుంధర’ అనే పేరుతో వందలాది కథలు వచ్చాయి. పేరు చూస్తే ఎవరో ఒక రచయిత్రి అనిపిస్తుంది. నిజానికి వసుంధర ఒకరు కాదు, ఇద్దరు. జొన్నలగడ్డ రాజగోపాలరావు, ఆయన భార్య రామలక్ష్మి కలిసి పెట్టుకున్న కలంపేరు అది.

రాజగోపాలరావు శాస్త్రవేత్త. ఉద్యోగరీత్యా ఈ దంపతులు చాలాకాలం ఒడిశాలోని భువనేశ్వర్‌లో ఉన్నారు. ఇంటి బయట వినిపించే భాష ఒడియా. ఇంట్లో మాట్లాడే భాష, కథ రాసే భాష తెలుగు. తెలుగు రాయడానికి తెలుగు రాష్ట్రంలోనే ఉండనక్కరలేదని వారి జీవితం చెబుతుంది. పిల్లల కథలతోపాటు వారు పెద్దల కథలు, నవలలు, అపరాధ పరిశోధన కథలు కూడా రాశారు. ‘రచన’ మాసపత్రికలో ‘సాహితీవైద్యం’ అనే శీర్షిక నిర్వహించి, కొత్తగా కథలు రాసేవారికి సలహాలు ఇచ్చారు. కథలో ఎక్కడ లోపం ఉందో కనిపెట్టి, దానికి మందు చెప్పడం ఆ శీర్షిక ఉద్దేశం.

ఇటువంటి మరొక జంట ‘బీనాదేవి’. ఇది భాగవతుల నరసింగరావు, ఆయన భార్య బాలా త్రిపురసుందరమ్మ కలిసి వాడిన పేరు. నరసింగరావు న్యాయమూర్తి. వీరి రచనలలో ‘పుణ్యభూమీ కళ్లు తెరు’ అనే నవల పేరుపొందింది. 1990లో నరసింగరావు మరణించారు. ఆ తరువాత కూడా త్రిపురసుందరమ్మ అదే పేరుతో రచనలు చేశారు. ఇద్దరు కలిసి పెంచిన పేరును ఒక్కరే నిలబెట్టారు.

ఇంగ్లండులో జి.డి.హెచ్. కోల్, మార్గరెట్ కోల్ దంపతులు 1925 నుండి కలిసి అపరాధ పరిశోధన నవలలు రాశారు. వారు ఆర్థిక, సామాజిక విషయాల మీద పెద్ద గ్రంథాలు రాసిన పండితులు. అమెరికాలో ఫ్రాన్సిస్ లాక్‌రిడ్జ్, రిచర్డ్ లాక్‌రిడ్జ్ దంపతులు 1940లో ఒక నవలల వరుసను ప్రారంభించారు. ఆ నవలలలో నేరాలను పరిశోధించేది కూడా ఒక జంటే. 1963లో ఫ్రాన్సిస్ మరణించాక రిచర్డ్ వేరే నవలలు రాశారు గాని, ఆ జంట కథలను మాత్రం కొనసాగించలేదు. ఇంగ్లండుకే చెందిన నిక్కీ జెరార్డ్, షాన్ ఫ్రెంచ్ దంపతులు ఆమె పేరులోని మొదటి మాటను, ఆయన పేరులోని చివరి మాటను కలిపి ‘నిక్కీ ఫ్రెంచ్’ అనే కలంపేరు పెట్టుకున్నారు. ఆ పేరుతో వారి మొదటి నవల 1997లో వచ్చింది.

మరి ఇందరు దంపతులు అపరాధ పరిశోధననే ఎందుకు ఎంచుకున్నారు? ఆ కథకు రెండు రకాల బుద్ధి కావాలి. ఒకటి దాచే బుద్ధి. రెండవది వెతికే బుద్ధి. రాసేవారికి దోషి ఎవరో ముందే తెలుసు. చదివేవారికి అది చివరి వరకు తెలియకూడదు. అలాగని ఆధారాలన్నీ దాచిపెడితే చదివేవారిని మోసం చేసినట్టే. రొనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు 1929లో ఇటువంటి కథలకు పది నియమాలు చెప్పాడు. దోషి కథ మొదట్లోనే కనిపించాలనీ, పరిశోధకుడికి దొరికిన ఆధారాలు పాఠకుడికీ తెలియాలనీ వాటిలో ఉంది. ఒక్కరే రాస్తే, తాను దాచినది సరిగా దాగిందో లేదో తెలుసుకోవడం కష్టం. పక్కన రెండవవారు ఉంటే వారే మొదటి పాఠకులు అవుతారు. ఎక్కడ అతుకు సరిపోలేదో వెంటనే చెబుతారు.

నేరం, రహస్యం ఉన్నంత మాత్రాన కథ చెడ్డదైపోదు. మన పెద్దలు చెప్పిన మర్యాద రామన్న కథలలో దొంగతనం ఉంటుంది, అబద్ధం ఉంటుంది. రామన్న యుక్తితో నిజం బయటపెడతాడు. మోసపోయినవారికి న్యాయం జరుగుతుంది. భేతాళ కథలు కూడా చిక్కు ప్రశ్నతో ముగిసి ధర్మం ఏమిటో ఆలోచింపజేస్తాయి. 1911లో ఆంగ్ల రచయిత చెస్టర్టన్ ‘ఫాదర్ బ్రౌన్’ అనే మతాచార్యుణ్ణి పరిశోధకుడిగా చేసి కథల సంపుటం వెలువరించాడు. ఆ కథలలో ఒక పేరుమోసిన దొంగ చివరికి మారి మంచివాడవుతాడు. దొంగను పట్టుకోవడంతోపాటు మనిషిని నిలబెట్టడం కూడా ఈ కథల పని.

ఇద్దరు కలిసి రాయడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది కేవలం కల్పన.

వెంకటమ్మనహళ్లి తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని ఊరు. ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న ఆ తాలూకాలో వాన మీద ఆధారపడి వేరుశనగ వేస్తారు. ఆ ఊరిలో ఉపాధ్యాయ దంపతులు ఒక రాత్రి కథ రాయడానికి కూర్చున్నారనుకోండి. భర్త కథ చెప్పడం మొదలుపెట్టాడు.

తొలకరి వాన పడింది. రైతు విత్తనానికి దాచిన వేరుశనగ మూటల్లో ఒకటి కనబడలేదు. గది తాళం పగలలేదు. ఎప్పుడూ అవ్వ నడుమున ఉండే తాళంచెవి మాత్రం ఆ రోజు గోడ మేకుకు వేలాడుతున్నది. ముందురోజు మూటలు సర్దిన కూలీ మీద రైతుకు అనుమానం కలిగింది. “మూటలు ఎక్కడున్నాయో నీకు తప్ప ఎవరికి తెలుసు?” అని నలుగురి ముందు నిలదీశాడు. కూలీ తల వంచుకొని వెళ్లిపోయాడు. మరునాటి నుండి అతణ్ణి ఎవరూ పనికి పిలవలేదు.

పది రోజులు గడిచాయి. రైతు కూతురు పక్క ఊరి బడికి చేల గట్ల మీదుగా నడిచి పోతున్నది. ఒక చేను చూసి ఆగింది. ఆ చేను ఒక ఒంటరి స్త్రీది. “విత్తనం లేదమ్మా, ఈ ఏడు చేను బీడే” అని ఆమె వానకు ముందు అవ్వ దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు ఆ చేలో వేరుశనగ మొలకలు వరుసగా లేచి ఉన్నాయి. పిల్లకు మేకుకు వేలాడిన తాళంచెవి గుర్తుకు వచ్చింది. మూట ఇచ్చింది అవ్వే!

భర్త సంతోషంగా, “ఎలా ఉంది?” అన్నాడు.

భార్య కొంచెంసేపు ఆలోచించింది. “ఏమండీ, అవ్వ మంచిదే. కాని కూలీ మీద నింద పడుతుంటే పది రోజులు చూస్తూ ఊరుకుందా? అలా ఊరుకుంటే ఆమె మంచిదెలా అవుతుంది?”

భర్త దగ్గర జవాబు లేదు. ఇద్దరూ ఆలోచించారు. మూట ఇచ్చిన తెల్లవారుజామునే అవ్వ తన కూతురి ఊరికి ప్రయాణమైందని రాశారు. అందుకే తాళంచెవి మేకుకు తగిలించింది. తిరిగి వచ్చాక కొడుకుకు చెప్పవచ్చునని అనుకుంది. ఇంటి దగ్గర జరిగినది ఆమెకు తెలియదు. మూట తీసుకున్న స్త్రీది పక్క ఊరు కాబట్టి ఆమెకూ తెలియదు. ఇప్పుడు అతుకు సరిపోయింది.

“ఇక కథ పూర్తయినట్టే. అవ్వ తిరిగి వచ్చి నిజం చెబుతుంది. అందరూ నవ్వుకుంటారు” అన్నాడు భర్త.

“అందరూ ఎలా నవ్వుతారండీ? ఆ కూలీ నవ్వగలడా? పది రోజులు పని లేక అతని ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో! మూట సంగతి తేలింది. అతని మాటేమిటి?”

“రైతు అతణ్ణి పిలిపించి, పొరపాటయిందని చెబుతాడులే.”

“పిలిపించడం కాదు, అతని ఇంటికే పోవాలి. ఒక్కడే పోతే చాలదు. నింద విన్న నలుగురినీ వెంటబెట్టుకొని పోవాలి. నలుగురి ముందు వేసిన నింద నలుగురి ముందే తీయాలి.”

భర్త చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కలం తీసుకొని ఆమె చెప్పినట్టే చివరి పుట రాశాడు. రైతు కూలీ గుమ్మం ముందు నిలబడి చేతులు జోడించాడు. “తప్పు నాది. నిన్ను అనుమానించి నీ కూడు తీశాను” అన్నాడు. పోగొట్టుకున్న పది రోజుల కూలి డబ్బు అతని చేతిలో పెట్టాడు. రైతు కూతురు తండ్రి పక్కనే నిలబడి చూసింది.

ఇప్పుడు ఆలోచించండి. భర్త అల్లిన చిక్కుముడి లేకపోతే కథను ఎవరూ ఆసక్తితో చదవరు. భార్య అడిగిన ప్రశ్నలు లేకపోతే చదివినా మనసులో నిలవదు. ఈ ఉదాహరణలో చిక్కు వేసింది భర్త, విప్పింది భార్య. మరొక కథలో ఆమె చిక్కు వేయవచ్చు, అతను ప్రశ్న అడగవచ్చు. ఎవరు ఏ వాక్యం రాశారనేది ముఖ్యం కాదు. ఎదుటివారి ప్రశ్నను అవమానంగా భావించకుండా, దానికి జవాబు వెతకడమే ముఖ్యం. తన రాతను తానే మెచ్చుకొనేవారు మరొకరితో కలిసి రాయలేరు.

బయట జీవితంలో కూడా ఇదే అవసరం. ఊళ్లో ఒక వస్తువు పోయినప్పుడు అనుమానం ముందుగా పేదవారి మీదికి, దిక్కులేనివారి మీదికి పోతుంది. మంచి అపరాధ పరిశోధన కథ అక్కడ మనల్ని ఆపుతుంది. “ఆధారం ఉందా? నీవు చూశావా? ఎవరో అంటే నమ్మావా?” అని అడుగుతుంది. దోషిని పట్టుకోవడం ఎంత ముఖ్యమో, నిర్దోషిని నింద నుండి విడిపించడం అంతకంటే ముఖ్యం. ఆ సంగతి గుర్తుచేసే కథ ఒకరు రాసినా, ఇద్దరు రాసినా మంచి కథే.

అర్థాలు

కలంపేరు = రచనల కోసం పెట్టుకున్న పేరు
దంపతులు = భార్యాభర్తలు
ఇంటిల్లిపాది = ఇంట్లోని వారందరు
శీర్షిక = పత్రికలో ఒక విషయానికి కేటాయించిన భాగం
యుక్తి = ఉపాయం
తొలకరి = వానకాలపు మొదటి వాన
బీడు = పంట వేయని నేల
నింద = తప్పు చేశాడని అనడం
నిర్దోషి = తప్పు చేయనివాడు

ప్రశ్నలు

అ. ఒక వాక్యంలో జవాబు రాయండి.
1. వసుంధర అనే కలంపేరు ఎవరిది?
2. 1990 తరువాత బీనాదేవి పేరుతో రచనలు చేసినది ఎవరు?
3. ‘నిక్కీ ఫ్రెంచ్’ అనే పేరు ఎలా ఏర్పడింది?

ఆ. ఐదారు వాక్యాలలో జవాబు రాయండి.
1. అపరాధ పరిశోధన కథ ఇద్దరు కలిసి రాయడానికి ఎందుకు అనువైనది?
2. రైతు కూతురు ఏ ఆధారాలతో నిజం తెలుసుకుంది?
3. “నలుగురి ముందు వేసిన నింద నలుగురి ముందే తీయాలి.” ఈ మాటను మీరు అంగీకరిస్తారా? ఎందుకు?

ఇ. భాషాంశం
‘భార్యాభర్తలు’ అంటే భార్యయును, భర్తయును. రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం ఉన్న సమాసం ద్వంద్వ సమాసం. ఇటువంటివే తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కష్టసుఖాలు. మరి మూడు రాయండి.

ఈ. చేసి చూడండి
మీ పక్కన కూర్చున్నవారితో కలిసి ఒక చిన్న కథ రాయండి. బడిలో ఒక వస్తువు కనబడకుండా పోయింది. ఒకరు కథ చెప్పాలి. మరొకరు ప్రశ్నలు అడగాలి. తరువాత పాత్రలు మార్చుకోండి. పూర్తయ్యాక కథ కింద ఇద్దరికీ కలిపి ఒకే కలంపేరు పెట్టండి.